మబ్బుల తలుపులు కొట్టిన మా బాపు

మా బాపుకు మతి తప్పుతున్న సంగతి మా ఇంటోళ్లకంటె ముందు వాడకట్టోళ్లకు తెలిసింది. అప్పుడాయిన సిరిసిల్లల మా తమ్ముని ఇంట్ల ఉండె. ఇంక తెల్లారకముందే, మబ్బుల లేసి, ఒక్కొక్క ఇంటి తలుపు కొట్టుకుంట పోయెటోడు. "లెవ్వుండ్లి, పడుగు బయటేసినం, పొద్దెక్కుతది" అనెటోడు. పడుగు లేదు, ఏం లేదు. ఆ వాడల చేతిమగ్గం అన్నదే లేకుండె. అన్ని పవర్‌లూములే.

గీ ముచ్చట తెల్వనోళ్లకు జర చెప్పాలె. నేను చిన్నపోరిగ ఉన్నప్పుడు మా వాడంత చేతిమగ్గాలే. ఎవలింట్లనన్న పడుగు తయారైతె, అంటె బట్టకు నిలువుగ పడే పోగులన్ని ఒక్కతాన చేర్చుడు అయిపోతె, దాన్ని బజార్ల ఈ మూలకెల్లి ఆ మూల దాంక గుంజి కట్టి, గంజి వెట్టి, కుంచెతోటి దువ్వాలె. ఎండ ముదిరితె గంజి బిర్రువడి పోగులు తెగుతయి. అందుకే మబ్బులనే మొదలువెట్టాలె. ఒక్క ఇంటోళ్లతోటి అయ్యే పని కాదు, వాడంత రావాలె. ఇల్లిల్లు తిరిగి లేపే పని మా బాపుది. కూలి లేదు, ఇయ్యాల నీ పడుగు, రేపు నా పడుగు. జరమొచ్చినోడు సుత అచ్చి ఒక కొస పట్టుకొని నిలవడెటోడు. లొల్లివెట్టుకొని మాటలు బందైనోళ్లు సుత ఒక్క పడుగుకు అటొకలు ఇటొకలు నిలవడెటోళ్లు. పడుగుకు పిలిచినంక రాని ఇంటికి ఇజ్జతే లేకుండె. మా బాపు తలుపు కొడితె తియ్యని ఇల్లు నేనైతె సూడలే.

గని మతి తప్పినంక ఆయిన మల్ల తలుపులు కొట్టుడు మొదలువెట్టిన కాలం వేరె. గవి నక్సలైట్ల దినాలు. మబ్బుల తలుపు సప్పుడైతె అచ్చింది అన్నలో పోలీసులో తెల్వది, ఎవలైనా బుగులే. అన్నలైతె అన్నం వెట్టుమంటరు. వెడితె, ఎందుకు వెట్టినవని పొద్దుగాల పోలీసులు అడుగుతరు. గసొంటి దినాలల్ల మా బాపు పోయి తలుపులు బాదితె ఏమైతది? పక్కింటాయన పెరటి గోడ దుంకి కాలు ఇరగ్గొట్టుకున్నడు. మా బాపు మాత్రం ముంగటి దర్వాజ కాడ నిలవడి, ఇంక లెవ్వకపాయె ఏందని ఆయిన కోసం సూస్తనే ఉన్నడట. చెప్పుకుంటె నవ్వులాటే. ఆ ఇంటామె మా తమ్ముని వాకిట్ల నిలవడి తిట్టిన తిట్లు మాత్రం నవ్వులాట కాదు.

మా తమ్ముడు కోరుట్లకు నా దగ్గరికి అచ్చిండు. "అక్కా, నాతోని అయితలేదు. మొన్న పోలీసు జీపోళ్లు ఆపి, ఎవలికి కబురు మోస్తున్నవు తాతా అని అడిగిన్రట. పడుగు కబురు అన్నడట. పడుగంటె వాళ్లకేం సమజైతది? కొన్ని దినాలు నీకాడ ఉంచుకో" అన్నడు. తమ్ముడు చెడ్డోడు కాదు. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిండు. నేను పెద్ద బిడ్డను, బాపు నన్ను మస్తు గారాబంగ సాదిండు, కాదని ఎట్లంట. తోలుకచ్చుకున్న.

మా ఆయిన ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీల చెరుకు తూకం కాడ పనిచేసెటోడు. చుట్టుపక్కల ఊర్లన్నిట్లకెల్లి బండ్లచ్చేది, తూకం కాడ మాట మాట అయ్యేది. ఎవలు పోయి ఎవలికి ఏం చెప్తరో అని ఆయిన ఎప్పుడు పైలంగ ఉండెటోడు. పొద్దుమీకి చీకటైతె బయటికి పోకపోయెటోడు. గసొంటి మనిషి ఇంటికి నేను తలుపులు కొట్టెటాయినను తెచ్చిన.

కోరుట్లకు అచ్చిన కొత్తలనే, బాపు మబ్బుల గొళ్లెం తీసి బయటవడ్డడు. నేను సూసి ఉరికేసరికి ఎదురింటి తలుపు కొడుతుండు. ఆ ఇంట్ల ఒక ముసలామె, ఒక్కతే ఉండేది. ఆమె కొడుకు అన్నల్ల కలిసిండు. ఎన్నడన్న అస్తడేమో అని ఆమె తలుపు ఎనుకనే పండేది. బాపు ఒక్కపారి కొట్టంగనే తలుపు తీసింది. "పడుగు బయటేసినం చెల్లె, జల్ది రా" అంటుండు బాపు. ఆమె బాపు మొకం సూస్తలేదు. ఆయిన ఎనుక చీకట్ల ఇంకెవలన్న ఉన్నరా అని సూస్తుంది. ఎవ్వలు లేరని తెలిసినంక ఆమె గడప మీద కూసున్నది. నేను బాపు రెక్క పట్టుకొని గుంజుకచ్చిన. పొద్దుగాల నల్లా నీళ్ల కాడ కలిసి, "మీ బాపును ఏమనకు బిడ్డా. గని తలుపు సప్పుడైనప్పుడల్ల నా పాణం పోయి అస్తుంది" అన్నది. తిట్టినా బాగుండు అనిపించింది. నేను బిందె సగమే నింపుకొని లోపటికచ్చిన.

బాపును జగిత్యాల దవాఖానకు తీస్కపోయిన. మతి డాక్టరు ఉన్నడని ఎవలో చెప్పిన్రు. అక్కడ బల్ల మీద కూసున్నప్పుడు, పక్కన ఒకామె మంచి చీర కట్టుకొని కూసున్నది. బాపు ఆమె కొంగు పట్టుకొని రెండు వేళ్ల నడుమ నలిపి పోగు సూస్తుండు. నేతపనోళ్లకు గది అలవాటే, ఎవలి బట్ట అయినా ముట్టి సూడాలె. ఆమెకేం తెలుసు. కొంగు గుంజుకొని లొల్లి లొల్లి చేసింది. "ఈ ముసలోడు ఎవలి తానోడు?" అని అందరిని అడిగింది. నేను దిక్కులు సూసిన. ఆఖరికి బాపే నా దిక్కు చెయ్యి సూపించి, "మా పెద్ద బిడ్డ" అని సంబురంగ చెప్పిండు. అందరు నన్ను సూసిన్రు. భూమి ఇచ్చుకపోతె బాగుండు అనుకున్న.

డాక్టరు మంచిగనే మాట్లాడిండు, దాచలే. "ఇది మెల్లమెల్లగ యాది అరిగిపోయే రోగం. పోయిన యాదిని తెచ్చే మందు నా దగ్గర లేదు. ఈ గోలి ఆయినను జర నిమ్మలంగ ఉంచుతది గంతే. పొద్దుమీకి సగం ఇయ్యి. కాళ్లు చేతులు బిర్రుగైతున్నట్టు కానస్తె మల్ల తీసుకరా, నీ అంతట నువ్వు పెంచకు" అన్నడు. ఇంకోటి గూడ చెప్పిండు. "పగటి పూట చేతికి ఏదన్న పని ఇయ్యమ్మా. నూలు ఇయ్యి, చుట్టుకుంట కూసుంటడు." నేను తల ఊపిన. గోలీలు కొనుక్కచ్చిన. నూలు సంగతి మల్ల యాది చేసుకోలే.

గోలి పనిచేసింది. బాపు పొద్దెక్కిందాంక లెవ్వలే. నాకు సంబురమైంది, అబద్ధమెందుకు. ఎదురింటామె నన్ను సూసి నవ్వింది. మా ఆయిన చాయ తాగుకుంట, "నిన్న మంచిగ నిద్రవట్టింది" అన్నడు. ఇజ్జత్ నిలవడ్డది అనుకున్న. పోను పోను బాపు కాళ్లు ఈడ్చి నడుసుడు మొదలైంది. నోట్లకెల్లి సొంగ కారేది. మాట ముద్ద ముద్దగ అచ్చేది, నోట్ల బట్ట వెట్టుకొని మాట్లాడినట్టు. డాక్టరు తీసుకరమ్మన్నడా, అన్నడు. పోయిననా, పోలే. బందులుండె, బస్సులు నడువకపోయేది అని అందరికి చెప్పిన. బస్సులు నడిచిన దినాలు సుత ఉండె. మల్ల ఆ బల్ల మీద కూసోవాలంటె నాకు పాణం ఒప్పలే, గదీ అసలు సంగతి.

ముస్తాబాద్‌కెల్లి మా మేనత్త అచ్చింది, మా బాపుకు అక్క. తమ్ముని సూసి కొంగు నోట్ల కుక్కుకున్నది. వాడకట్టు ఆడోళ్లంత ఉండంగనే నన్ను అడిగింది. "ఏందే ఇది? మనిషిని నీ చేతిల వెడితె మొద్దును చేసినవు. నీ నిద్ర కోసం నా తమ్మునికి మందువెట్టి పండవెడుతున్నవా?" నేను కోపానికచ్చిన. "ఏడుపు ఎవలైనా ఏడుస్తరు అత్తా, మబ్బుల ఆయిన ఎంబడి ఉరికెటోళ్లే లేరు" అన్న. అన్న గని, ఆమె అన్నది నిజమే. నా నిద్ర కోసమే. నా మొకం ఎర్రగైంది, అందరు సూసిన్రు.

మర్నాడే అత్త మమ్ములను ధర్మపురి తొవ్వల ఒక ఊరికి తీస్కపోయింది. అక్కడ ఆకుపసరు పోసెటాయిన ఉన్నడు. ఆయిన బాపు చెయ్యి పట్టి నాడి సూసిండు, కండ్ల రెప్పలు లేపి సూసిండు. సరస్వతాకు పసరు, తలకు నూనె, మాటలేం ఎక్కువ లేవు. "చింతపండు వద్దు, వంకాయ వద్దు. ఇంగ్లీషు గోలీల మీద పోస్తె నా పసరు పనిచెయ్యది, అవి బందువెట్టు" అన్నడు. నేను గోలీలు పట్టుకపోయి బియ్యం డబ్బ ఎనుక వెట్టిన. అడిగెటోళ్లు లేరు, చెప్పెటోళ్లు లేరు. డాక్టరు ఏమంటడో అని ఒక్కపారి సుత అనుకోలే.

నిజం చెప్పాలంటె ఆ దినాలు మంచిగ పోయినయి. సొంగ కారుడు తగ్గింది. కాలు లేపి నడిచిండు. ఒకనాడు పొద్దుగాల నేను బియ్యం చెరుగుతుంటె పక్కన కూసొని నన్ను మస్తుసేపు సూసి, "బిడ్డా, నీ నెత్తి గిట్ల తెల్లగైందేంది?" అన్నడు. ఆయిన నన్ను అట్ల గుర్తువట్టి ఎన్ని దినాలైందో. నేను చాట పక్కకు వెట్టి ఏడ్చిన. పసరు గెలిచిందని అత్తకు కబురు తోలిన. ఇప్పుడు ఆలోచన చేస్తె, అది పసరు గొప్పతనం ఎంతో, గోలి మత్తు దిగిపోవుడు ఎంతో నాకు తెల్వది. అప్పుడైతె తెలుసుకుందామని సుత లేకుండె. అత్త ముంగట తల ఎత్తుకున్న, గది సాలు.

మతి జర తేటవడంగనే బాపుకు మల్ల మబ్బుల మెలకువ రావట్టింది. ఒకనాడు మూలమలుపు కాడ ఆగిన జీపుల పోలీసాయిన బాపును చెయ్యి పట్టుకొని తెచ్చి మాకు అప్పజెప్పిండు. తిట్టలే, కొట్టలే. మా ఆయినతోని మెల్లగ అన్నడు, "చీకట్ల మాకు ముసలోడా పడుసోడా అన్నది కానరాదు సార్. కదిలినట్టే కానస్తది. ఇంట్ల ఉంచుకోండి." మా ఆయిన ఆ దినం డ్యూటీకి పోలే. మంచం మీద కూసొని, "రేపు తుపాకి పేలితె నువ్వు ఎవల్ని అడుగుతవు? పసరు పోసినాయిన్నా, మీ అత్తనా?" అన్నడు.

గప్పుడు నేనొక పని చేసిన. పట్టపగలు కొంగు నిండుగ కప్పుకొని, మా గల్లీల ప్రతి ఇంటి తలుపు కొట్టిన. "మబ్బుల తలుపు కొట్టేది మా బాపే. దండం వెడత, తియ్యకుండ్లి. ఎవ్వలు తియ్యకపోతె ఆయినే మానుకుంటడు" అని చెప్పుకుంట పోయిన. కొందరు అయ్యో అన్నరు. కొందరు సరే అని తలుపేసుకున్నరు. ఎదురింటి ముసలామె మాత్రం అడిగింది, "కొట్టింది మీ బాపు కాకపోతె ఎట్ల బిడ్డా?" "మా బాపు కొట్టి ఊకోడు పెద్దమ్మా, నోటితోటి పిలుస్తడు. పిలుపు ఇనవడితె తియ్యకు" అన్న. ఆమె సరే అన్నది.

ఇంట్లకచ్చి గోలీల డబ్బ బయటికి తీసిన. సగం కాదు, నిండు గోలి ఇచ్చిన. పసరు సుత బందు వెట్టలే, అత్త అడుగుతది గద. పొద్దుగాల పసరు, పొద్దుమీకి గోలి. ఇద్దరు చెయ్యద్దన్న పనిని ఒక్కతాన కలిపి చేసిన తెలివిగల్లదాన్ని నేను. మందును మందుతోటి తూకమేసిన అని నేను చెప్పుకుంట గని, నేను తూకమేసింది మందులను కాదు. ఆఖరికి ఎవలు నా ఇజ్జత్ తీసిన్రో వాళ్ల మందు బాపు నోట్ల వోసిన. గల్లీ తిడితె గోలి, అత్త తిడితె పసరు. బాపుకు ఏది మంచిగుంది, దేనితోని ఎట్లున్నడు అని నేను ఒక్కదినం కుదురుగ సూడలే.

నిండు గోలి ఏసినంక బాపు పక్కలనే ఒంటికి పోవట్టిండు. వాసన అస్తుందని ఆయిన మంచం ముంగటి రేకుల వరండలకు మార్చిన. మేము లోపలి తలుపుకు గొళ్లెం వెట్టుకొని పండెటోళ్లం. మొద్దు నిద్రల ఉన్న మనిషికి ఎక్కడుంటె ఏంది అనుకున్న.

ఒకనాడు మబ్బుల మా లోపలి తలుపు సప్పుడైంది. బయట సన్నగ తుంపర వడుతుంది. మా ఆయిన నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. మల్ల కొట్టిన్రు. ఏదో గొంతు ఇనవడ్డది, ముద్ద ముద్దగ, మాట తెలుస్తలేదు. బాపు అనుకోలే నేను. నిండు గోలి తిన్నాయిన లెవ్వలేడు గద. అచ్చింది వాళ్లే, అన్నలో పోలీసులో, అనుకున్న. బాపు బయట మంచం మీద ఉన్నడు, అచ్చినోళ్లు ఆయిన నెత్తికాడ నిలవడి ఉంటరు అని గూడ అనిపించింది. అనిపించినా నేను లెవ్వలే.

సప్పుడు ఆగింది. కాళ్లు ఈడ్చిన సప్పుడు వాకిట్లకు పోయింది. జరసేపటికి పక్కింటి తలుపు కొట్టుడు ఇనవడ్డది. దాని తరువాత ఎదురిల్లు. ఆ తరువాత దాని పక్కిల్లు. అన్నలైనా పోలీసులైనా గట్ల వరుసవెట్టి ఇల్లిల్లు కొట్టరు. నాకు సమజైంది. మా ఆయినకు సుత సమజైంది, నా చెయ్యి ఇడిసిండు. ఇప్పుడు లేసి పోవచ్చు. బుగులు లేదు. గని నేను లెవ్వలే. ఎవ్వలు తియ్యకపోతె మానుకుంటడు అని అందరికి చెప్పింది నేనే గద. ఒక్క దినం సూద్దాం అనుకున్న. దుప్పటి చెవుల మీదికి గుంజుకున్న. దుప్పటిలకెల్లి సుత ఇనవడ్డది. గల్లీల ఒక్క తలుపు తెర్వలే. ఆఖరికి ఆ కాళ్లు మల్ల మా దర్వాజ కాడికే అచ్చినయి. ఒక్కపారి కొట్టిండు. అంతే.

తెల్లారినంక తలుపు తీస్తె బాపు లోపటికి ఒరిగిపోయిండు. తలుపుకు ఆనుకొని కూసున్నడు. అంగి, ధోతి అన్ని తడిసి ఒంటికి అతికినయి. పండ్లు కొట్టుకుంటున్నయి. నేను బట్టలు మారుస్తుంటె నా దిక్కు సూసి, ఆ ముద్ద మాటతోనే, కష్టపడి కష్టపడి అన్నడు. "అందరు తలుపులు వెట్టుకున్నరు బిడ్డా. పడుగు తడిసిపాయె." నేను ఆయిన కాళ్లు పట్టుకున్న. ఆయినకు ఎందుకో సమజ్ కాలే.

ఎదురింటామె గిన్నెల ఉడుకునీళ్లు తెచ్చింది. వరండ కాడనే నిలవడి, "నేను మేలుకొనే ఉన్న బిడ్డా. పిలుపు ఇన్న. నువ్వు తియ్యద్దంటివని తియ్యలే" అన్నది. నా మొకం లేపి ఆమెను సూడలేకపోయిన. గిన్నె తీసుకొని లోపటికచ్చిన.

ఆ దినం తరువాత మా బాపు ఒక్కనాడు సుత బయటికి పోలే. మా ఆయిన సిరిసిల్లకు పోయి మా తమ్మునికి గోలి సంగతి చెప్పిండు, నిండు గోలి ఏస్తెనే పట్టుకున్నదని. మా అత్త తెలిసినోళ్లందరిని ధర్మపురి తొవ్వకు తోల్తుంది, బాపు పసరుతోనే బాగైండని. సుట్టాల పెండ్లిల మా ఆయిన, అత్త ఒక్కతాన కలిస్తె, బాగు చేసింది ఏది అని నా ముంగటనే వాదులాడుకున్నరు. నన్ను అడిగిన్రు. నేను చాయ తెస్త అని లేసి పోయిన.

తడిసిన మర్నాడే నేను ఎవ్వలికి చెప్పకుంట గోలి బందువెట్టిన, పసరు బందువెట్టిన. మంచం లోపటికి తెచ్చుకున్న. జగిత్యాల డాక్టరు చెప్పిన నూలు చేతికిచ్చిన, పక్కకు వెట్టిండు. నోటి మాట మెల్లగ తేటవడ్డది. కాళ్లు లేపి నడువవట్టిండు. మబ్బుల మెలకువ సుత అచ్చేది, నాకు తెలుస్తుండె. లేసి కూసునెటోడు, తలుపు దిక్కు సూసెటోడు, మల్ల పండెటోడు. ఒకనాడు నేను తట్టుకోలేకపోయిన. గొళ్లెం తీసి, తలుపు బార్ల తెరిసి, ఆయిన దగ్గర కూసున్న. "బాపూ, పడుగు బయటేసినం. పా, అందరిని లేపుదాం. నేను నీ ఎంబడి అస్త" అన్న.

ఆయిన నన్ను సూసిండు. మంచిగ గుర్తువట్టిండు, నా చెయ్యి మీద చెయ్యి సుత ఏసిండు.

"పిలిస్తె ఎవ్వలు రారు బిడ్డా" అని, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.